అక్క సంచికి తూర్పున ఒక ఇల్లు

ముప్పై ఏళ్లకు పైగా ఆదోనిలో పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పాను. యాంగ్ట్సీ నది ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. షాంఘై ఆ నది మొగలో ఉందని, ఒసాకాను జపాన్ మాంచెస్టర్ అంటారని, క్యోటో ఒకప్పటి రాజధాని అని బోర్డు మీద సుద్దముక్కలు అరిగేలా రాశాను. నేను మాత్రం ఇటు తిరుపతి, అటు హంపి దాటి పోయింది లేదు. "ఆ ఊరు మీరు చూసినారా టీచర్?" అని ప్రతి ఏడూ క్లాసులో ఎవరో ఒకరు అడిగేవారు. "నోరు మూసుకుని మ్యాపు గియ్యి" అని ప్రతి ఏడూ నేను కసిరేదాన్ని. రిటైరైన రోజు నాకు శాలువా కప్పుతూ ఎవరో నా సేవల గురించి మాట్లాడుతున్నారు. నేను వినడం లేదు. షాంఘైకి ఏ నెలలో పోతే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను.

మా ఆయన పత్తి వ్యాపారి. ఇల్లు, మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లు, వీటి మధ్యే ఆయన తిరుగుళ్లన్నీ. అలాంటి మనిషి చైనా, జపాన్ అనగానే ఒక్క మాటకు ఒప్పుకున్నారు. నాకే అనుమానం వచ్చింది. ఆయన్ను పట్టుకున్నది ఒసాకా అని తర్వాత తెలిసింది. ఆదోనిని మా పెద్దవాళ్లు రెండో బొంబాయి అనేవారు. రెండో బొంబాయి మనిషి జపాన్ మాంచెస్టరును చూడకుండా ఉంటే ఎట్లా అని ఆయన పట్టుదల. అక్కడ ఇప్పుడు బట్టల మిల్లులు పెద్దగా మిగల్లేదని నాకు తెలుసు. చెప్తే మనసు మార్చుకుంటారేమోనని ఊరుకున్నాను.

ఆయన ప్రయాణాన్ని కూడా పత్తి కొన్నట్టే కొన్నారు. పత్తి బస్తా ముందుకొస్తే పైన కనిపించే పత్తిని ఆయన చూడరు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగు నుంచి పిడికెడు లాగి, రెండు చేతుల వేళ్లతో పింజ సాగదీసి చూస్తారు. హైదరాబాదులో మా ట్రావెల్ ఏజెంటు ఆఫీసులో ఒకమ్మాయి ఉండేది. పాపం ఆ పిల్ల హోటళ్ల ఫోటోలు పంపితే, "ఇదంతా పై పత్తి, లోపలిది చూపించమను" అనేవారు. లోపలిదంటే బాత్రూము, మెట్లు, కిటికీ తెరిస్తే కనిపించే ఎదురు గోడ. ఆ పిల్ల అవి కూడా తెప్పించింది. సుజౌలో ఒక హోటలు మెట్ల ఫోటోను పెద్దది చేసి చూసి, "దీంట్లో తేమ ఎక్కువ" అని తిప్పి పంపారు. మళ్లీ చూస్తే గోడకు నిజంగానే చెమ్మ ఉంది.

మొత్తానికి తొమ్మిది రోజుల ప్రయాణం తయారైంది. షాంఘైలో రెండు రోజులు, రైల్లో సుజౌ, అక్కడి కాలవలు, పట్టు. మళ్లీ షాంఘై వచ్చి విమానంలో ఒసాకా. ఒసాకాలోనే బస చేసి క్యోటో, నారా చూసిరావడం. టోక్యో కూడా పెట్టమన్నారు మా ఆయన. తొమ్మిది రోజుల్లో టోక్యో పెడితే రైళ్లు తప్ప ఊళ్లు చూడలేమని కొట్టిపారేశాను. దానికి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తిండి సంగతి దగ్గర రాజీకొచ్చాం. బొరుగులు, పప్పుల పొడి పట్టుకుపోతే ఉదయం పూట ఎక్కడైనా ఉగ్గాని కలుపుకోవచ్చని, మధ్యాహ్నం అన్నం దొరికితే మన పొడులు ఉంటాయని తేల్చుకున్నాం. అన్నం దొరకని దేశానికైతే పోవడం లేదు కదా.

ఇంత తేలిగ్గా తేలనిది ఒక్కటే మిగిలింది. అది మా అక్క.

మేం పుట్టింది కౌతాళం పక్కన పల్లెలో. ఆ రోజుల్లో మా ఊరి బడి ఏడో తరగతితో ఆఖరు. అక్క చదువు కూడా దాంతోనే ఆఖరు. నా వంతు వచ్చేసరికి నాన్న మనసు మారి నన్ను ఆదోనిలో హాస్టల్లో వేశారు. సెలవులకు ఇంటికి పోతే నా పుస్తకాలు ముందు అక్క చదివేది, తర్వాతే నేను. నా ఎనిమిదో తరగతి జపాన్ మ్యాపు గీసింది అక్కే. నాలుగు పెద్ద దీవులు, వాటి చుట్టూ చుక్కల్లాంటి దీవులు, ఒక్కటి వదలకుండా గీసి సముద్రానికి నీలం రంగు వేసింది. ఆ మ్యాపును మా మాస్టారు క్లాసంతా తిప్పి చూపించారు. అది నేను గీసింది కాదని అప్పుడు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. అక్క లేకుండా జపాన్ చూస్తే నాకు అన్నం సహించదు. అందుకని ఈ ప్రయాణానికి అక్క వచ్చి తీరాలి. నాకు కావలసింది నిజానికి అదొక్కటే.

అక్క ఎమ్మిగనూరులో ఉంటుంది. బావకు బజారులో బట్టల అంగడి. అంగడి మూసిన రోజు ఆయనకు ఊపిరాడదు కాబట్టి ఆయన వచ్చే మాట లేదు. అక్క మాత్రం ఎందుకు రాకూడదు? నేను అన్నప్పుడల్లా ఒక సాకు చెప్పేది. ఊరగాయల కాలం అంది. ఊరగాయలు అయ్యాకే ప్రయాణం అన్నాను. బావకు షుగరు మాత్రలు ఎవరిస్తారంది. కోడలితో మాట్లాడి, వారం మాత్రలు పట్టే గళ్ల డబ్బా కొనిచ్చాను. మోకాళ్లు అంది. ఆదోనికి తీసుకొచ్చి డాక్టరుకు చూపిస్తే నా మోకాళ్ల కంటే ఆమెవే గట్టిగా ఉన్నాయన్నాడు. ఆఖరుకు జపాన్‌లో భూకంపాలు వస్తాయంది. ఆ పాఠం ఆమెకు చెప్పింది నేనే. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. నువ్వు వస్తున్నావు, అంతే, మారు మాట్లాడితే ఊరుకోను అని అరిచాను. అక్క నవ్వి, ఉగ్గాని చల్లారిపోతోంది తినమంది.

సరే, ఇలా లాభం లేదనుకున్నాను. అక్కకు పాస్‌పోర్టు ఉంది. అంతకు ముందు ఏడాది, ఇది కూడా ఆధార్ లాంటిదే అని చెప్పి కర్నూలు తీసుకుపోయి తీయించాను. దాని ఫోటో నా ఫోనులో ఉంది. ఆ ఫోటో ఏజెంటు అమ్మాయికి పంపి, ప్రయాణం చేసేది ముగ్గురం అని చెప్పాను. అక్కకు చెప్పలేదు. వీసా చేతికొచ్చాక తీసుకుపోయి ముందు పెడితే ఏం చేస్తుందిలే అని నా ధైర్యం.

ఇక్కడ పరస్తానం గురించి చెప్పాలి. పుస్తకాల్లో ప్రస్థానం అని రాస్తారు, మా ఇళ్లలో పరస్తానమే. మనం బయల్దేరే రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి రోజు చూసి, మనకు బదులు మన సంచిని బయల్దేరదీస్తారు. మనం పోయే దిక్కులో ఉన్న ఎవరింట్లోనో ఆ సంచి పెట్టి వస్తారు. ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. తర్వాత అసలు రోజున పోతూ పోతూ ఆ సంచి తీసుకుని పోవడమే. మా వాళ్లందరికీ తూర్పు ప్రయాణమంటే ఎమ్మిగనూరులో అక్క ఇల్లు. ఆదోనికి అది తూర్పు దిక్కు, పైగా అక్క చెయ్యి మంచిదని పేరు. కాశీకి పోయినవాళ్ల సంచులు, పూరీకి పోయినవాళ్ల సంచులు, మద్రాసులో ఉద్యోగాలకు పోయినవాళ్ల సంచులు నలభై ఏళ్లుగా ఆ దేవుడింట్లో అరుగు మీద కూర్చుని పోయాయి. ఒక్కోసారి రెండు మూడు సంచులు వరసగా ఉండేవి. ఏది ఎవరిదో, ఎవరు ఎప్పుడు పోతారో అక్కకు నోటికి వచ్చు.

మా విమానం సోమవారం. సోమవారం తూర్పుకు పోకూడదు. చైనా, జపాన్ తూర్పు కాదని నేను వాదించలేను కదా, జీవితమంతా పిల్లలకు అదే చెప్పాను. అక్క పంచాంగం తీసి నాకూ మా ఆయనకూ ఇద్దరికీ కుదిరే రోజు వెతికింది. ఒకరికి కుదిరితే ఇంకొకరికి కుదరలేదు. చివరికి దొరికిన ఒక్క శుక్రవారం ప్రయాణానికి ఏడు వారాల ముందు ఉంది. ఆ రోజు పొద్దున్నే సంచితో ఎమ్మిగనూరు పోయాం. సంచిలో కొత్త తువ్వాలు, బియ్యం, పసుపు కొమ్ములు పెట్టాను. వాటితో పాటు మనం లేకుండా పోలేని వస్తువు ఒకటి ఉండాలని అక్క నియమం. లేకపోతే అది ఉత్త సంచేనట. మా ఆయన ఆ మాట విని, పని పక్కాగా చేసే మనిషి కదా, మా ఇద్దరి పాస్‌పోర్టులు అందులో పెట్టేశారు. నేనూ మెచ్చుకున్నాను. అంతకంటే ముఖ్యమైన వస్తువు ఏముంటుంది చెప్పండి.

మూడు వారాల తర్వాత ఏజెంటు అమ్మాయి ఫోన్ చేసింది. వీసాలకు పెట్టాలి, అసలు పాస్‌పోర్టులు ఈ శుక్రవారం లోపల ఆఫీసుకు రావాలి, ఎవరిది రాకపోతే వాళ్ల పేరు తీసేసి మిగిలినవాళ్లవి పెడతామంది. ఆ రోజు బుధవారం. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. పాస్‌పోర్టులు వీసాకు కావాలన్న సంగతి మాకు తెలియక కాదు. సంచి కట్టిన రోజు ఆ ఆలోచనే రాలేదు, అంతే. దీనికి చదువు, తెలివి ఏమీ అడ్డు రావు. మా ఆయన తేలిగ్గా, పోయి తెచ్చెయ్యి, గంట ప్రయాణం అన్నారు.

మధ్యాహ్నం బస్సుకు ఎమ్మిగనూరు పోయాను. అక్క పాస్‌పోర్టు కూడా ఏదో సాకు చెప్పి అడిగి తీసుకోవాలనుకున్నాను గానీ, సంచి గొడవలో ఆ సంగతే మరిచిపోయాను. అక్క నా మాట పూర్తిగా విని, కుదరదంది. బయల్దేరిన సంచి వెనక్కి, అందులోనూ పడమరకు రాదంది. వస్తే ప్రయాణం ఆగిపోయినట్టే. పోనీ ఇక్కడే విప్పి రెండు పుస్తకాలు తీసుకుంటానన్నాను. మజిలీ ఇంట్లో సంచి విప్పకూడదంది. పోనీ నేనే సంచి పట్టుకుని ఇటు నుంచి ఇటే హైదరాబాదు పోతానన్నాను. సంచి గలవాళ్లు సంచి ముట్టుకుంటే ప్రయాణం కట్టినట్టు, ఇక చైనా చూసేదాకా ఇంటికి తిరిగి రాకూడదంది. నేను అరిచాను. అంగడికి పోయి బావతో మొర పెట్టుకుంటే, ఆయన బట్ట కొలుస్తూ, అది మీ అక్క డిపార్ట్‌మెంటు అన్నారు. మా పురోహితుడికి ఫోన్ చేశాను. అయిదు రోజులు దాటిన పరస్తానం చెల్లదు, ఇప్పుడది ఉత్త సంచి, నిక్షేపంగా విప్పుకోమన్నాడు. ప్రాణం లేచొచ్చింది. అక్క ఫోన్ తీసుకుని, తన ఇంట్లో సంచికి రోజూ దీపం చూపిస్తుంది కాబట్టి గడువు ఉండదని, నలభై ఏళ్లలో తాను పంపిన సంచి ఒక్కటైనా దారి తప్పిందేమో చెప్పమని అడిగింది. ఆయన, అమ్మ చెప్పినట్టే చేయమని ఫోన్ పెట్టేశాడు.

చేసేది లేక కూర్చుండిపోయాను. తొమ్మిది రోజుల షాంఘై, సుజౌ, ఒసాకా, క్యోటో మొత్తం దేవుడింట్లో అరుగు మీద నా కళ్ల ముందే ఉన్నాయి, చెయ్యి పెట్టడానికి లేదు. అక్క కాఫీ తెచ్చిచ్చి, తనే ఒక దారి చెప్పింది. సంచి వెనక్కి పోకూడదు గానీ ముందుకు పోవచ్చు. హైదరాబాదు ముందుకే. సంచి గలవాళ్లు ముట్టుకోకూడదు గానీ మజిలీ మనిషి ముట్టుకోవచ్చు. కొడుకుకు అంగడి ఉంది, కోడలికి పిల్లలున్నారు. కాబట్టి తానే సంచి పట్టుకుని వస్తుంది, నేను పక్కన ఊరికే రావచ్చు. కర్నూలు దాటి ఎప్పుడూ పోని మనిషి ఈ మాట అంటుంటే నేను నోరు తెరుచుకుని చూశాను.

మరుసటి రోజు తెల్లవారుతూనే బస్సెక్కాం. సంచి అక్క ఒళ్లో ఉంది. కండక్టరు పైన పెట్టమంటే పెట్టలేదు. కర్నూలు దాటి తుంగభద్ర వంతెన మీదికి రాగానే కిటికీ అద్దం జరిపి తల బయట పెట్టింది. నీళ్లు పెద్దగా లేవు. అయినా వంతెన అయిపోయేదాకా చూస్తూనే ఉంది. ఆ తర్వాత కనిపించిన ప్రతి ఊరి బోర్డూ పైకి చదివింది. దారిలో బస్సు ఆగిన చోట బాత్రూముకు పోవాల్సి వచ్చి, నేను చెయ్యి చాపితే సంచి నాకివ్వకుండా, ముక్కూ మొహం తెలియని ఒకావిడ చేతిలో పెట్టి పోయింది. ఆవిడ నన్ను అనుమానంగా చూస్తూ సంచిని గట్టిగా పట్టుకుంది. నా పాస్‌పోర్టు దగ్గర నేనే దొంగనైపోయాను.

ఏజెంటు ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. అక్క కుర్చీలో తూర్పుగా తిరిగి కూర్చుని, దండం పెట్టుకుని, సంచి ముడి విప్పింది. పసుపు అంటిన పాస్‌పోర్టులు రెండూ తీసి బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయి కాగితంతో తుడుచుకుని, కంప్యూటరు వంక చూసి, ముగ్గురు కదా మేడమ్, మూడో పాస్‌పోర్టు ఏదీ అంది. మూడో మనిషి ఎవరని అక్క అడిగింది. ఆ అమ్మాయి తెరను ఇటు తిప్పింది. తెర మీద అక్క ఫోటో ఉంది.

అక్క ఆ ఫోటోను కాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను హెడ్మాస్టర్లను, ఇన్‌స్పెక్షన్లను చూసినదాన్ని, ఎవరికీ భయపడలేదు. ఆ చూపు తప్పించుకోవడానికి మాత్రం బల్ల మీద రాలిన పసుపు తుడవడం మొదలుపెట్టాను. ఒక్క నిమిషం అమ్మా అని ఆ అమ్మాయికి చెప్పి, అక్క లేచి బయటికి నడిచింది. నేను వెనకాలే పోయాను. మెట్ల మీద కూర్చుంది. నేను రెండు మెట్లు కింద కూర్చున్నాను.

"నన్ను అడగకుండానే నా పేరు రాపిచ్చినావా?" అంది.

ఎన్నిసార్లు అడిగానో లెక్క చెప్పబోయాను. ఊరగాయలప్పుడు, మాత్రల డబ్బా కొన్నప్పుడు, డాక్టరు దగ్గర. అక్క నన్ను చెప్పనివ్వలేదు.

"అది అడిగేది కాదు మే. నువ్వు రావల్ల అన్న్యావు. రాకుంటే ఊరుకోను అన్న్యావు. డబ్బీ తెచ్చినావు, డాక్టరు తావుకు పిల్సకపోయినావు. వస్తావా అక్కా అని ఒగసారన్నా అడిగినావా? సిన్నప్పట్నుంచి నాకు అందరూ సెప్పేటోల్లే. సదువు సాలు అని సెప్పినారు. పెండ్లి సేస్తాండాము అని సెప్పినారు. సంచి తెచ్చి పెట్టి, పదైదు దినాలకు పోతాం అని సెప్పినారు. నువ్వు గూడా సెప్పేదానివే అయితివి."

ఆమె గొంతు పెంచలేదు. మామూలుగా ఇంట్లో మాట్లాడినట్టే అంది. నాకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. ఆమె కోసం ఇంత చేస్తున్నానని లోపల్లోపల మురిసిపోతున్నాను నేను. చేసిందల్లా ఆమెను కూడా ఒక సంచిలా మోసుకుపోదామని చూడటమే. మెట్లు ఎక్కేవాళ్లు మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. కళ్లు తుడుచుకుని, ఆమె ముఖంలోకి చూసి అడిగాను.

"అక్కా, నాతో చైనా, జపాన్ చూడనీకె వస్తావా?"

అక్క నా వైపు చూసింది. పైకి పోతున్న కొరియరు మనిషిని చూసింది. చేతిలో సంచి మూతిని దగ్గరికి చేర్చి పట్టుకుంది.

"ఆలోసన సేసి సెప్తాలే" అంది.

నాకు ఎంత మండిందో మీరు ఊహించుకోవచ్చు. శుక్రవారం గడువు నెత్తి మీద ఉంది, ఈమె ఆలోచన చేస్తుందట. నాలుక చివరి దాకా వచ్చిన మాటను మింగేశాను. నా జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకున్నది అదొక్కసారే. లోపలికి పోయి ఆ అమ్మాయిని బతిమాలితే, మూడో పాస్‌పోర్టుకు సోమవారం దాకా సమయం ఇచ్చింది. అక్క సంచిని మళ్లీ కట్టి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, ఇది వెనక్కి పోకూడదమ్మా, మా వాళ్లు పోయేదాకా ఇక్కడే పైన ఎక్కడైనా పెట్టుకో అంది. ఇది కూడా ఎంబసీకి పంపాలా ఆంటీ అని ఆ పిల్ల అడిగింది. వద్దని చెప్పి బీరువా మీద పెట్టించాం.

తిరుగు ప్రయాణంలో అక్క ప్రయాణం ఊసే ఎత్తలేదు. సుజౌలో కాలవల్లో పడవలు ఆడవాళ్లు కూడా నడుపుతారా అని ఒకసారి అడిగింది. నడుపుతారట అన్నాను. నారాలో జింకలు వీధుల్లో తిరుగుతాయంటావు, వాటిని ఎవరూ తోలరా అని ఇంకోసారి అడిగింది. తోలరట అన్నాను. నేను ఎమ్మిగనూరులో ఆమెను దింపి ఆదోని వచ్చేశాను. శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం మధ్యాహ్నం దాకా రాలేదు. ఫోన్ చేయమని మా ఆయన పోరుపెట్టారు. చేస్తే మళ్లీ చెప్పినట్టే అవుతుందని చేయలేదు. ఆ రెండు రోజులు నా వంటలో ఉప్పుకు దిక్కు లేదు.

శనివారం సాయంత్రం వచ్చింది ఫోన్. పాస్‌పోర్టు కొరియరుకు ఇచ్చానని, రసీదు కొడుకు దగ్గర ఉందని, వచ్చే శుక్రవారం తన నక్షత్రానికి మంచిదని వరసగా చెప్పింది. ఒక్క మనిషికి రోజు చూడటం తేలికేనట. తర్వాత, "అంతా బాగానే ఉండాది గానీ, నా సంచి యాడ పెట్టల్ల?" అంది.

చుట్టాలందరినీ వేళ్ల మీద లెక్కపెట్టాను. మా చుట్టాలంతా ఎమ్మిగనూరుకు పడమరే, ఆదోని, కౌతాళం వైపు. అక్క ఇంటికి తూర్పున దగ్గర్లో మాకు ఎవరూ లేరు. నలభై ఏళ్లుగా అందరి సంచులూ అక్కడ పెట్టి పోయాం, అక్క పోవాల్సి వస్తే ఆమె సంచి ఎక్కడ పెడుతుందని మాలో ఒక్కరికీ తోచలేదు. ఏజెంటు ఆఫీసులోనే పెట్టేద్దామని మా ఆయన వెనక నుంచి అరిచారు. అక్క ఒప్పుకోలేదు. మీది గత్యంతరం లేక పెట్టాం, నాది పొయ్యి వెలిగే ఇంట్లో ఉండాలంది. ఆమె ఇది కావాలని నోరు తెరిచి అడగడం నాకు తెలిసి అదే మొదలు.

మా ఆయన ఆ రాత్రి అన్నానికి కూడా లేవకుండా ఫోన్లు చేశారు. సి.బెళగల్‌లో ఆయనకు పత్తి అమ్మే రైతు ఒకాయన దొరికాడు. ఎమ్మిగనూరుకు అది తూర్పే. విషయం చెప్తే, దాంది ఏముందన్నా, తీసుకురాండి అన్నాడట.

శుక్రవారం పొద్దున ముగ్గురం కారులో పోయాం. మా ఆయన దారిలో ప్రతి చేనూ చూస్తూ నడిపారు. రైతు భార్య వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి పెట్టింది. మమ్మల్ని ఎప్పుడూ చూడని మనిషి. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. అక్క తన సంచి అందించింది గానీ చెయ్యి వదల్లేదు. నేల మీద పెట్టొద్దని, ఎలుకలు రాకుండా చూడమని, పడమర గోడకు ఆనించొద్దని, పిల్లలు ముట్టుకుంటే ఏమీ అనొద్దు గానీ విప్పనివ్వొద్దని చెప్తూనే ఉంది. సంచిని అటొకరు ఇటొకరు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ అన్నీ ఓపిగ్గా విని, రెండో చెయ్యి అక్క చేతి మీద వేసింది.

"మీరు పోయి రాండమ్మా. సంచి నేను సూసుకుంటా" అంది.

ఈ మాట మా అక్క ఎంతమందికి చెప్పి పంపి ఉంటుందో. ఆమెతో ఒకరు అనడం నేను వినలేదు. ఆమె కూడా విని ఉండదు. అక్క సంచి వదిలేసింది. సరేనన్నట్టు తల ఊపింది. పాలు తాగకుండానే కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వచ్చి కారెక్కింది. నేను పక్కన కూర్చున్నాను. మా ఆయన తాళం తిప్పబోయి, అద్దంలో వెనక్కి చూసి, అక్క ఏడవడం అయ్యేదాకా బండి కదపకుండా ఉన్నారు.